మెదక్ దేవాలయంలో వెలుగు, నీడ



హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో మెదక్ దేవాలయం ఉంది. కరువు రోజుల్లో ఆకలిగొన్నవారికి పని, అన్నం దొరకాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914లో దీని నిర్మాణం ఆరంభించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు.

లోపల క్రీస్తు జననం, సిలువ మరణం, ఆరోహణం చూపే మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. పగటి వెలుగు బయటి నుండి పడినప్పుడే ఆ బొమ్మలు వెలుగుతాయి. పొద్దు గుంకితే లోపల నిలబడినవారికి అవి కనబడవు.

ఈ కిటికీలను ఫోటో తీయడం కష్టం. అద్దాల రంగులు సరిగా పడితే స్తంభాలు, పైకప్పు నల్లబడతాయి. స్తంభాలు కనబడేలా తీస్తే అద్దాలు తెల్లగా పాలిపోతాయి. మన కన్ను రెండింటినీ చూస్తుంది, కెమెరా ఒక్కసారిలో చూడలేదు. అందుకే ఒకే చోట నుండి తక్కువ వెలుగుతో ఒకటి, మధ్యస్థంగా ఒకటి, ఎక్కువ వెలుగుతో ఒకటి తీసి మూడింటినీ కలుపుతారు. దీనినే హెచ్.డి.ఆర్. అంటారు. ఆలోచన పాతదే. 1850లలో ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి ఒక నెగటివ్ తీసి ఒకే ఫోటోగా కలిపాడు. నేడు చాలా సెల్‌ఫోన్లు ఈ పని వాటంతట అవే చేస్తున్నాయి.

మితంగా వాడితే ఇది మేలే. మితిమీరితే నీడలన్నీ పోతాయి. గోపురం అంచు చుట్టూ తెల్లని వలయం ఏర్పడుతుంది. మామూలు మబ్బు తుఫాను మబ్బులా కనబడుతుంది. అలాంటి ఫోటో చూసి ఎంతో దూరం నుండి వచ్చిన కుటుంబం "ఫోటోలోనే బాగుందే" అని నిరుత్సాహపడితే, కరువు కూలీల కష్టానికి మనం అన్యాయం చేసినట్లే.

మరొక మాట. మన పల్లె గుళ్ల మరమ్మతుకు చందాలు అడుగుతూ ఫోటోలు పంపుతుంటాం. ఇదే దిద్దుబాటు గోడమీది వెంట్రుకవాసి బీటను లోతైన పగులులా చూపగలదు. దాన్ని చూసి ఒక తల్లి తన కూలి డబ్బులో నుండి కానుక ఇస్తుంది. అబద్ధ సాక్ష్యం గూర్చిన ఆజ్ఞ నోటికే కాదు, ఫోటోకూ వర్తిస్తుంది.

సృష్టి ఆరంభంలో దేవుడు చీకటిని తుడిచివేయలేదు. దానికి రాత్రి అని పేరు పెట్టి, పగటితో పాటు ఉండనిచ్చాడు. మీరు మెదక్ వెళితే, లోపల ఫోటో తీసేముందు అక్కడి పెద్దల అనుమతి అడగండి. కాసేపు మౌనంగా కూర్చోండి. కన్ను ఆ మసకకు అలవాటు పడుతుంది. తర్వాత తీసిన ఫోటో, మీరు కన్నులారా చూసినదానికి దగ్గరగా ఉంటే చాలు.