డబ్బా తిరిగివ్వక్కర్లేదు

డిసెంబరు నెల వచ్చిందంటే మస్కట్ హైపర్‌మార్కెట్లలో క్రిస్మస్ హ్యాంపర్లు బారులు తీరతాయి. తళతళలాడే కాగితం, పైన ఎర్ర రిబ్బను, లోపల రెండు చాక్లెట్ పెట్టెలు, ఒక బిస్కెట్ డబ్బా. మిగతాదంతా తురిమిన రంగు కాగితమే! ధర చీటీ తిరగేసి చూడగానే మనసు రూపాయల్లోకి లెక్క కట్టేస్తుంది. గల్ఫ్‌లో ఎన్నేళ్ళున్నా మనకీ అలవాటు పోదు కదండీ.

మా ఇంట్లో తయారయ్యే హ్యాంపర్‌కి నేనొక హద్దు పెట్టుకున్నాను. ఒక్కోటి రెండు రియాళ్ళు దాటకూడదు. 15 మందికి 30 రియాళ్ళు. ఇది మావారు గీసిన గీత కాదు, నేను గీసుకున్నదే. పొదుపు ఒక కారణమే గానీ, అసలు కారణం వేరు.

రువీలో సుల్తాన్ ఖాబూస్ గారు ఇచ్చిన స్థలంలో కట్టిన చర్చిలున్నాయి. శుక్రవారం వచ్చిందంటే ఆ ప్రాంగణంలో ఎన్ని భాషలు వినిపిస్తాయో! ఒక భాషవాళ్ళ ఆరాధన ముగిసి బయటికి వస్తుంటే ఇంకో భాషవాళ్ళు లోపలికి వెళుతుంటారు. మన తెలుగువాళ్ళలో ఆఫీసు ఉద్యోగులున్నారు, నర్సులున్నారు. కంపెనీ క్యాంపుల్లో ఉండే శ్రీకాకుళం తమ్ముళ్ళున్నారు. ఇళ్ళల్లో పనిచేసే గోదావరి జిల్లాల ఆడపడుచులున్నారు. వీళ్ళలో కొందరికి ప్రతి శుక్రవారం సెలవు దొరకదు. నెలకొకసారి వచ్చేవాళ్ళున్నారు, పండక్కి మాత్రమే వచ్చేవాళ్ళూ ఉన్నారు. ఇక్కడ క్రిస్మస్ ప్రభుత్వ సెలవు కాదు. 2024లో బుధవారం వచ్చింది, ఆఫీసులు మామూలే. అందుకని మా పంపకాలన్నీ పండగ ముందు శుక్రవారం నాడే.

మన వైపు ఒక పద్ధతి ఉంది, మీ అందరికీ తెలిసిందే. పక్కింటివాళ్ళు గిన్నెలో ఏదైనా పంపితే ఆ గిన్నెని ఖాళీగా తిరిగి పంపం. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి ఇస్తాం. మా అమ్మ అయితే ఇంట్లో ఏమీ లేని రోజున పెరట్లో నాలుగు పచ్చిమిరపకాయలు కోసి వేసేది. ఊళ్ళో ఇది ముచ్చటే. ఇక్కడ మాత్రం, నెలంతా కష్టపడి పిల్లల ఫీజులకీ అప్పుల వాయిదాలకీ పంపగా ఏం మిగులుతుందో తెలియని మనిషి చేతిలో 15 రియాళ్ళ హ్యాంపర్ పెట్టామనుకోండి. ఆవిడ "థాంక్స్ అక్కా" అంటుంది. ఆ రాత్రే బదులు ఏమివ్వాలా అన్న లెక్క మొదలవుతుంది. మన పెంపకం అలాంటిది మరి! కానుక అందుకున్నవాళ్ళు అప్పుపడినట్టు కాకూడదంటే అందులో కొన్న వస్తువుకన్నా చేసిన వస్తువు ఎక్కువుండాలి, డబ్బా వాళ్ళు తిరిగివ్వక్కర్లేనిదై ఉండాలి. రెండు రియాళ్ళ లెక్క అక్కడినుంచి వచ్చింది.

సరే, ఇక వంటింట్లోకి రండి. నవంబరులో జాతీయ దినోత్సవం సెలవులు రాగానే పని మొదలు. ఏవి చేసుకోవాలన్నది నిలవని బట్టి నిర్ణయించుకుంటాను. కొబ్బరి లౌజు రుచే గానీ నాలుగు రోజులకి మించి ఉండదు, కాబట్టి లేదు. గులాబీ పువ్వులు, జంతికలు, నువ్వులూ ఖర్జూరం ఉండలు, ఆరేసి అరిసెలు, ఒక చిన్న కేకు ముక్క. ఇంతే.

అరిసెల దగ్గర కాస్త ఆగాలి. అది లేకుండా కోస్తా ఊళ్ళలో క్రిస్మస్ లేదు, సంక్రాంతీ లేదు! 90 అరిసెలకి రెండు కిలోల బియ్యం, కిలోన్నర బెల్లం పట్టింది. బియ్యం ఒక పగలూ రాత్రీ నానాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి. ఊళ్ళో అయితే మరకి పంపేవాళ్ళం, ఇక్కడ మిక్సీయే గతి. కొంచెం కొంచెంగా వేసి, జల్లించి, మిగిలిన రవ్వ మళ్ళీ వేయాలి. ఇక్కడి ఏసీ గాలికి తడిపిండి ఇట్టే ఆరిపోతుంది. ఆరిన పిండితో చేస్తే అరిసె నూనెలో విచ్చిపోతుంది. జల్లించినదాన్ని జల్లించినట్టే గిన్నెలో అదిమి, తడిబట్ట కప్పి ఉంచాలి. పాకం పళ్ళెంలో నీళ్ళల్లో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి, అప్పుడు పొయ్యి మీద నుంచి దింపి పిండి కలపాలి. అరిసె చెక్కలు నా దగ్గర లేవు. చిల్లుల గరిటె మీద పెట్టి, చిన్న గిన్నె అడుగుతో నొక్కి నూనె పిండుతాను. దాన్ని చూసి మా అత్తగారు వీడియో కాల్లోనే నవ్వారు!

డబ్బు మిగిలేదంతా ఖర్జూరం దగ్గర. కేకులో చెర్రీలు, అత్తిపండ్లు, ఖరీదైన ఎండు ద్రాక్ష వేసే బదులు ఒమానీ ఖర్జూరం సన్నగా తరిగి నల్లద్రాక్ష రసంలో నానబెడతాను. కాల్చిన పంచదార పాకం వేస్తే రంగుకి రంగు, రుచికి రుచి. ఉండలకి బెల్లమే అక్కర్లేదు. వేయించిన నువ్వులు, గింజ తీసిన ఖర్జూరం కలిపి దంచితే చాలు. ఇంటికి వచ్చినవాళ్ళకి ఖర్జూరం, కహ్వా ఇవ్వడం ఈ దేశపు మర్యాద. ఆ ఖర్జూరమే మన నువ్వులుండలో చేరింది.

ఇంకొకటి కూడా పెడతాను. ముత్రా సూక్‌లో కొన్న సాంబ్రాణి, నాలుగైదు పలుకులు, చిన్న గుడ్డ సంచిలో. తూర్పు జ్ఞానులు బాలయేసుకి తెచ్చిన మూడు కానుకల్లో ఒకటి ఈ దేశంలోనే, దక్షిణాన ధోఫార్‌లో చెట్టుకి కారుతుంది! ఆ ప్రాంతపు సాంబ్రాణి స్థలాలని యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తెల్లగా, ఆకుపచ్చ ఛాయలో మెరిసే హోజారీ రకం మన బడ్జెట్‌కి అందదు. గోధుమరంగుది చాలు. క్యాంపు గదుల్లో పొగ వేయడానికి వీలుండదని నాకు తెలుసు. చాలామంది దాన్ని దాచి, ఊరెళ్ళేటప్పుడు అమ్మకి తీసుకెళతారు.

డబ్బాల సేకరణ ఏడాది పొడుగునా సాగుతుంది. పాలపొడి డబ్బాలు, కాఫీ సీసాలు, ఖర్జూరం పెట్టెలు. వేడినీళ్ళలో నానబెడితే చీటీలు ఊడిపోతాయి. 2021 జనవరి నుంచి దుకాణాల్లో పల్చటి ప్లాస్టిక్ సంచులు నిషేధించారు కదా, అప్పటినుంచి పాత చీరలతో సంచులు కుడుతున్నాను. నిజ్వాలో అమ్మే ఖర్జూరపాకు బుట్టలు ఎంత అందంగా ఉంటాయో, కానీ ఒక్క బుట్ట కొంటే లోపల పెట్టడానికి ఏమీ మిగలదు.

డబ్బాల మీద చీటీలు మన బడి పిల్లల చేత రాయిస్తాను. వస్తువు పేరు, ఎన్నాళ్ళు ఉంటుందో, అడుగున "డబ్బా తిరిగివ్వక్కర్లేదు" అని. ఆ రెండు మాటల్లో బ, వ, క, ల ఒత్తులు నాలుగూ ఉన్నాయి చూడండి, ఇంతకన్నా మంచి కాపీరైటింగ్ ఏముంటుంది! ఎనిమిదేళ్ళ అబ్బాయి ఒకడు ఏడో చీటీ దగ్గర పెన్సిలు కింద పెట్టేసి, "ఆంటీ, నో రిటర్న్ అని రాస్తే సరిపోదా?" అన్నాడు. సరిపోదని చెప్పాను. అలిగాడు గానీ రాశాడు.

ఆ చీటీని చర్చి మెట్ల మీద కూర్చుని కూడబలుక్కుని చదివినావిడ ఒకరున్నారు. కోనసీమ మనిషి. చదువు మూడో తరగతితో ఆగిపోయిందట. "తిరి...గివ్వ...క్కర్లేదు" అని పూర్తిచేసి, "బుడ్డోడి రాత మా ఆఖరోడి రాతలాగే ఉందక్కా" అంది. ఆ ఆఖరివాణ్ణి చూసి అప్పటికి మూడేళ్ళు. స్వీట్లు క్యాంపు తమ్ముళ్ళకి, పక్కన కూర్చున్నవాళ్ళకి పంచేసి, చీటీ మాత్రం జాగ్రత్తగా ఊడదీసి పర్సులో పెట్టుకుంది.

మరుసటి వేసవిలో ఆవిడ సెలవు మీద ఊరెళ్ళి వచ్చింది. నేను ఇచ్చిన ఖర్జూరం పెట్టెనే తెచ్చి నా చేతిలో పెట్టింది. లోపల ఆత్రేయపురం పూతరేకులు, రెండు విమానాలు మారినా ఒక్కటీ నలగలేదు. "తిరిగివ్వక్కర్లేదని రాశాం కదమ్మా?" అన్నాను. "రాశారక్కా, చదివాను. అలాగని ఖాళీ డబ్బా ఎలా ఇస్తాను?" అంది. ఇంక నేనేం మాట్లాడతాను! ఇంటికి తెచ్చుకుని పిల్లలతో కలిసి తిన్నాం. చీటీలు రాసిన కుర్రాడికి ఒకటి దాచి, శుక్రవారం బడిలో ఇచ్చాను.

ఈసారి జాబితా 19కి పెరిగింది. అంటే 38 రియాళ్ళు, ఇంకో అరకిలో బెల్లం. గులాబీల అచ్చు రెండోది ఎవరి దగ్గరైనా ఉంటే నవంబరు చివరివారం అరువివ్వండి. కాఫీ సీసాలు పారేయకండి, మూతలతో సహా బడికి పంపండి. ఊరగాయ సీసాలు మాత్రం వద్దు, ఎంత కడిగినా ఆ వాసన పోదు.