మిల్లీగ్రాములు కాదు, సత్తా చూడండి

అరుగుదలకని సిరప్పులు, మాత్రలు కొనేటప్పుడు చాలామంది మిల్లీగ్రాములే చూస్తారు. ఎంజైమ్ విషయంలో బరువు కంటే అది చేసే పని ముఖ్యం.

మందుల షాపులో సీసా తిప్పి చూస్తే, ‘ఫంగల్ డయాస్టేజ్ (1:1200) 50 మి.గ్రా., పెప్సిన్ (1:3000) 10 మి.గ్రా.’ లాంటి లైను చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. అసలు సంగతంతా ఆ బ్రాకెట్‌లోనే ఉంది. 1:1200 అంటే ల్యాబ్ పరీక్షలో ఒక గ్రాము ఎంజైమ్ 1200 గ్రాముల పిండిపదార్థాన్ని విడగొట్టగలదని. పెప్సిన్‌కైతే కొలమానం ఉడికిన గుడ్డు తెల్లసొన.

లెక్క వేయండి. 1:1200 రకం 50 మి.గ్రా. ఉంటే 60 గ్రాముల పిండిపదార్థానికి సరిపోతుంది. 1:800 రకం 60 మి.గ్రా. ఉన్నా 48 గ్రాములకే. బరువు ఎక్కువ, సత్తా తక్కువ!

పాలు పడనివాళ్లు వాడే లాక్టేజ్‌కు ఎఫ్‌సీసీ యూనిట్లు, ప్యాంక్రియాస్ జబ్బుకిచ్చే మందుకు లైపేజ్ యూనిట్లు చూడాలి. ఒకదాని అంకెను ఇంకోదాంతో పోల్చకూడదు. పైగా ల్యాబ్‌లో వచ్చిన అంకె మన కడుపులోనూ అలాగే పనిచేస్తుందన్న హామీ లేదు.

అందుకే పోలిస్తే ఒకే ఎంజైమ్‌ను, ఒకే యూనిట్‌లో, ఒక్కో డోసుకు ఎంతో చూసి పోల్చండి. అజీర్తి తరచూ వేధిస్తుంటే మాత్రం సొంత వైద్యం మానేసి డాక్టర్‌ను కలవండి.