పురుగుల ఇంటి ఫ్యాను

మా ఇంట్లో ఫ్యాన్లు ఆరు. మనుషులకు మూడు, పురుగులకు మూడు. మనుషుల ఫ్యాన్ల రెక్కల మీద దుమ్ము మందంగా పేరుకున్నా సంక్రాంతి దాకా ఎవరూ తలెత్తి చూడరు. పురుగుల ఫ్యాన్లకు మాత్రం పంట పంటకూ తలంటి! ‘‘మీ మామకు కూడా నేను ఇంత సేవ చెయ్యలేదు’’ అని మా అత్త నవ్వుతుంది.

పురుగులంటే పట్టుపురుగులు. మాది పలమనేరు పక్కన ఓ పల్లె. చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లే బస్సు మొగిలి ఘాట్ ఎక్కగానే కిటికీలోంచి ఒంటికి తగిలే గాలి మారిపోవడం మీలో చాలామంది గమనించే ఉంటారు. సముద్రమట్టానికి దాదాపు 680 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కదా, ‘పేదోళ్ల ఊటీ’ అని పేరు. అటు కర్ణాటకలో కోలారు వైపు, ఇటు మా పలమనేరు, కుప్పం వైపు మల్బరీ బాగా కుదురుకోవడానికి ఆ చల్లదనం కూడా ఒక కారణమే. తిరుపతిలో పుట్టి పెరిగిన నేను 2009లో ఈ ఇంటి కోడలిగా వచ్చేదాకా పట్టు అంటే నాకు చీరే. దాని వెనక ఒక షెడ్డు, షెడ్డు గోడలో ఒక ఫ్యాను, ఆ ఫ్యానుకు పట్టే దుమ్ము... ఇంత సంసారం ఉంటుందని ఎవరు చెప్పారు?

పురుగుకు గాలి ఎందుకంత ముఖ్యమో నాకు లెక్క కట్టి చెప్పింది మా మామే. ఆయన చదివింది ఐదో తరగతి. వంద గుడ్లు (అంటే వంద చిలకలు పెట్టిన గుడ్ల గుంపులు) తెస్తే వాటిలోంచి 40 వేల నుంచి 50 వేల పురుగులు వస్తాయి. గుడ్డులోంచి వచ్చినప్పుడు చీమంత ఉండే పురుగు, నాలుగు జ్వరాలు దాటి పండే నాటికి సుమారు పదివేల రెట్లు బరువెక్కుతుంది. (జ్వరమంటే రోగం కాదు, పొర విడిచే ముందు మేత మాని కదలకుండా ఉండే దశ.) మొత్తం తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఆఖరి దశలోనే, వారం రోజుల్లో తినేస్తుంది. ఆ రోజుల్లో మా షెడ్డులో నిలబడితే వాన పడుతున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. అది వాన కాదు, నమలడం!

‘‘వంద గుడ్లకు టన్ను ఆకు పైనే వేస్తాం. ఆకులో ముక్కాలు భాగం నీళ్లే. ఆ నీళ్లన్నీ యాడికి పోతాయమ్మా?’’ అని అడిగాడు మామ.

నేను ఆలోచించాను. పురుగు ఊపిరిలోంచి, పెంటలోంచి, వాడిన ఆకులోంచి ఆవిరై గదిలోకే వస్తాయి. బయటకు పోయే దారి లేకపోతే అక్కడే ఉంటాయి. పడక తడిసిపోతుంది, పెంట పులుస్తుంది, అమ్మోనియా ఘాటు మొదలవుతుంది. పురుగుకు మనలా చెమట పట్టదు, గది వేడే దాని ఒంటి వేడి. ఆఖరి దశలో 24, 25 డిగ్రీల వేడి, 70 శాతం తేమ దాటకుండా చూసుకోవాలి. ఒక్క పూట ఉక్కపోస్తే మనం విసనకర్ర అందుకుంటాం. అవి తినడం మానేస్తాయి.

అందుకే షెడ్డుకు ఆ చివర కింద గాలి వచ్చే కిటికీలు, ఈ చివర పైన గాలిని బయటకు తోసే ఫ్యాను. ఇంతవరకు సులువే. అసలు చిక్కంతా ఊజీ ఈగతో వచ్చింది. ఇది 1980లో బెంగాల్ వైపు నుంచి కర్ణాటకలో అడుగుపెట్టింది, అక్కడి నుంచి మా పొలిమేర ఎంత దూరం! పురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగును లోపల్లోపలే తినేసి, చివరికి పట్టుగూటిని కూడా తొలుచుకుని బయటపడుతుంది. తొలిచిన గూడు దారం తీయడానికి పనికిరాదు. దానికి అడ్డుగా కిటికీలన్నిటికీ, ఫ్యాను కంతకు కూడా సన్నటి నైలాన్ వల కట్టాల్సిందే.

ఈగను ఆపేంత సన్నటి వల దుమ్మును కూడా ఆపుతుంది మరి! పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు పడక ఆరడానికి సున్నం చల్లుతాం. రోగాలు రాకుండా పొడి మందు చల్లుతాం. ఎండిన పెంట, ఆకు నలుసు, చివర్లో పట్టు నూగు. ఫ్యాను వీటన్నిటినీ తనవైపు లాక్కుంటుంది, వల పట్టుకుంటుంది. నాలుగు రోజులకు వల బూడిదరంగు దుప్పటిలా అవుతుంది. కింద నిలబడి చూసేవాడికి ఫ్యాను తిరుగుతూనే కనిపిస్తుంది, చప్పుడూ చేస్తూనే ఉంటుంది. కరెంటు బిల్లు కూడా తప్పకుండా వస్తుంది. గాలి మాత్రం కదలదు.

2017 వేసవిలో మా చినమామ పంట ఇలాంటి రోజుల్లోనే పోయింది. మాకూ ఆయనకూ మధ్య ఒక గట్టు దూరం. రెండు వందల గుడ్లు వేశాడు. ఆఖరి దశలో ఐదో రోజు. మరో రెండు రోజులు గడిస్తే పురుగులు పండి చంద్రికల మీదికి ఎక్కేవే. పొద్దున ఆకు వేసి, మధ్యాహ్నం వెళ్లి చూస్తే ఆకు వేసినట్టే ఉంది. సాయంత్రానికి పురుగులు మెత్తబడి, నోట నీళ్లు కారుస్తూ పడక అంచులకు పాకాయి. వాసన గట్టు దాటి మా వాకిట్లోకి వచ్చింది. పట్టుపరిశ్రమ శాఖాయన ఒకాయన వచ్చి చూసి, ఫ్లాచరీ అన్నాడు. ఆ తర్వాత చినమామ చొక్కా జేబులోని రసీదు కాగితాన్ని అడిగి తీసుకుని, పొడుగ్గా చించి, ఫ్యాను వలకు జానెడు దూరంలో వేలాడదీశాడు.

కాగితం కదల్లేదు.

‘‘తిరగతానే ఉండాది కదా సార్!’’ అన్నాడు చినమామ. ఆయన గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఫ్యాను ఒక్కటే కారణమని నేననను, ఆ సారూ అనలేదు. ఎండ, తడి ఆకు, ముందు పంటలోంచి మిగిలిన రోగం... ఫ్లాచరీకి దారులు చాలా. కానీ ఆ రోజు ఆ కాగితం ముక్కను చూసినవాళ్లం ఎవరం దాన్ని మరిచిపోలేదు. రెండు లారీల ఆకు, ఇంటిల్లిపాది నిద్ర, ఆడపిల్ల పెళ్లికని రాసుకున్న లెక్క. అన్నీ గుంతలో పోసి సున్నం చల్లారు. చినమామ మల్బరీ పీకేసి టమోటా పెట్టాడు.

అప్పటి నుంచి మా షెడ్డు ఫ్యాన్లు నా చేతికొచ్చాయి. మా ఆయన నిచ్చెన పట్టుకుంటాడు, నేను ఎక్కుతాను. ఈ ఏర్పాటు చూసి ఊళ్లో మొదట్లో నవ్వారు. ఇప్పుడు పక్కవాళ్లు కూడా నన్ను పిలుస్తారు, నిచ్చెన మాత్రం వాళ్లదే!

మొదట స్విచ్ ఆపడమే కాదు, మెయిన్ కూడా దించేయాలి. పల్లెల్లో ఆన్, ఆఫ్ తారుమారైన బోర్డులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు కదా. వలను విప్పి బయట దులిపి, సబ్బునీళ్లలో నానబెడతాను. దాన్ని ఫ్యానుకే ఉంచి చీపురుతో కొడితే దుమ్ము సగం లోపలికే పోతుంది. రెక్కలను తడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడవాలి, ముందు వైపే కాదు వెనక వైపు కూడా. ఒక రెక్క శుభ్రంగా, ఒక రెక్క మురికిగా ఉంటే ఫ్యాను అదురుతుంది. ఆ అదురుకు మరలు వదులవుతాయి, బేరింగ్ అరుగుతుంది. మోటారు మీద నీళ్లు పోయకూడదు, పొడిబ్రష్‌తో దాని చుట్టూ ఉన్న సందులు దులపాలి. ఆ సందుల్లోంచే దానికి చల్లదనం అందేది. సున్నపు పొడి, తేమ కలిసి అక్కడ గట్టిగా పెంకు కడతాయి. ఇది గోకడానికి నేను పాత టూత్‌బ్రష్‌లు దాచిపెడతాను. మా పిల్లలకు కొత్త బ్రష్‌లు తొందరగా దొరకడానికి ఇదో కారణం.

నూనె గురించి మా ఇంట్లో చాలాకాలం యుద్ధం జరిగింది. కిర్రుమంటే చాలు, మామ కొబ్బరినూనె సీసా తెచ్చేవాడు. కొబ్బరినూనె నాలుగు రోజులు చప్పుడు ఆపుతుంది, ఆ తర్వాత దుమ్ముతో కలిసి జిగురవుతుంది. బుష్ ఉండే పాత రకం ఫ్యానుకైతే కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు. మూసి ఉండే బాల్ బేరింగులకు అసలు నూనె వద్దు, చప్పుడొస్తే మార్చుకోవడమే. స్విచ్ వేయగానే తిరగకుండా ‘ఊఁ’ అని మూలుగుతుంటే, చేత్తో తిప్పి విడిచిపెడితేగానీ కదలకపోతే చాలాసార్లు కెపాసిటర్ బలం తగ్గినట్టే. దాన్ని మార్చే పని ఎలక్ట్రీషియన్‌ది. మెయిన్ దించాక కూడా కెపాసిటర్ కాసేపు షాక్ కొట్టగలదు, నిచ్చెన మీద ఉన్నప్పుడు అది అస్సలు సరదా కాదు.

పంటకూ పంటకూ మధ్య షెడ్డంతా బ్లీచింగ్ కొడతాం. నూటికి రెండు పాళ్ల బ్లీచింగ్ పౌడరు, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్లు. రోగక్రిములను చంపే ఆ క్లోరినే ఇనుమును, అల్యూమినియాన్నీ తినేస్తుంది. ఫ్యాను అలాగే ఉంచి కొడితే ఏడాదికి ఐదారు పంటలకు ఐదారు దెబ్బలు. అందుకే ముందు ఫ్యానును దించి, కంతను ప్లాస్టిక్ పట్టాతో మూస్తాం. మూయడంలో ఇంకో లాభం కూడా ఉంది, మందు ఘాటు గదిలోనే నిలబడుతుంది. దించిన ఫ్యాను రెక్కలను, వలను విడిగా అదే నీళ్లతో తుడిచి, కాసేపాగి మంచినీళ్లతో మళ్లీ తుడిచి, నీడలో ఆరబెడతాను.

మూడో ఫ్యాను కథ వేరు. పండిన పురుగులను చంద్రికల మీదికి ఎక్కించే గది మా పాత ఇంటి నడిమి గది. దానికి బయటి గోడ లేదు. గూడు కట్టే ముందు పురుగు ఒంట్లోని నీళ్లన్నీ వదిలేస్తుంది, దారం కూడా తడిగానే వస్తుంది. అక్కడ తేమ 60, 65 శాతానికి దిగకపోతే దారం పొరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, తీసేటప్పుడు తెగుతుంది. శిడ్లఘట్ట, రామనగర మార్కెట్లలో గూడు చేతిలోకి తీసుకోగానే పట్టేస్తారు, ధర అక్కడే పడిపోతుంది. బెంగళూరులో పనిచేసే మా మరిది 2021లో గొట్టం మధ్యలో బిగించే ఫ్యాను ఒకటి తెచ్చాడు. నగరాల్లో గదుల్లో పుట్టగొడుగులు, లైట్ల కింద మొక్కలు పెంచేవాళ్లు వాడేదే. నడిమి గది కప్పు నుంచి గొట్టం బయలుదేరి మిద్దె మీద తేలుతుంది.

చాలా బాగా పనిచేస్తుంది. దీనితో బాధేమిటంటే, మురికి కనపడదు. గోడ ఫ్యాను కనీసం నల్లబడి సిగ్గుపడుతుంది, ఇది గొట్టంలో దాక్కుంటుంది. గూళ్లు విడదీసేటప్పుడు లేచే పట్టు నూగు గొట్టంలోకి వెళ్లి ఇరుసుకు చుట్టుకుంటుంది. పట్టుదారం కదా, తెగదు! మొదటిసారి విప్పినప్పుడు ఇరుసు చుట్టూ కండెకు చుట్టినట్టు చుట్టుకుని ఉంది. కత్తెరతో జాగ్రత్తగా కోసి తీశాం. ఇప్పుడు ప్రతి పంట తర్వాత రెండు వైపులా పట్టీలు వదులు చేసి ఫ్యానును బయటకు లాగుతాం. గొట్టం ఎక్కడైనా వేలాడితే ఆ వంపులో నీళ్లు నిలుస్తాయి, దాన్ని బిగుతుగా లాగి కట్టాలి. తిరిగి బిగించేటప్పుడు దాని ఒంటి మీద బాణం గుర్తు చూసుకోవాలి. తారుమారైతే మిద్దె మీది గాలిని లోపలికి తోస్తుంది.

ఫ్యాను ఎంత బాగా పనిచేస్తే ఒక్కోసారి అంత భయం కూడా. గాలిని బయటకు తోసేది ఏదైనా, ఆ మేరకు కిటికీల్లోంచి లోపలికి లాగుతుంది. మా కిటికీల అవతల గట్టు. గట్టు అవతల చినమామ టమోటా. టమోటాకు మందు కొట్టిన రోజు ఆ గాలి నేరుగా షెడ్డులోకి వస్తే, పురుగులకు ఫ్లాచరీ కూడా అక్కర్లేదు, గంటల్లో అంతా అయిపోతుంది. మా జాగ్రత్త ఎంతున్నా ఇందులో సగం ఆయన చేతిలోనే ఉంది.

ఆయన ధర పలికిన ఏడు మదనపల్లె మార్కెట్‌కు పంపి నవ్వాడు, పలకని ఏడు పంట కోయకుండా చేనుకే వదిలేశాడు. మళ్లీ మల్బరీ మాట ఎత్తలేదు, మా షెడ్డులోకి కూడా రాడు. కానీ మందు కొట్టే ముందురోజు రాత్రి తప్పకుండా ఫోన్ చేస్తాడు. నాకే చేస్తాడు, వాళ్లన్నకు కాదు.

‘‘ఏమ్మా, రేపు తెల్లారి మందు కొడతాండా. ఎండెక్కేదాకా ఫ్యాను ఆపి, ఈ పక్క కిటికీలు మూసుకోండి. గాలి మీ పక్కకే ఉండాది.’’

‘‘సరే మామా.’’

‘‘పురుగులు ఎన్నో జ్వరంలో ఉండాయి?’’ అని అడుగుతాడు ప్రతిసారీ. చెప్తాను. కాసేపు ఏమీ మాట్లాడడు, ‘‘వల కడిగినారా?’’ అంటాడు. కడిగామంటే ఫోన్ పెట్టేస్తాడు.