బండిలో సున్న

మా నాన్నగారి అంబాసడర్‌ని అమ్మెయ్యాలని మా ఇంట్లో మూడేళ్ళుగా తీర్మానం వుంది. అమలు జరగలేదంతే. ఈలోగా మా ఆవిడ దాని నెత్తిన వడియాలు ఎండబెట్టుకుంటోంది. 1977 నాటి బండి. చేసినవాళ్ళే 2014లో ఆ కార్ల తయారీ మానుకున్నారు. "వాళ్ళకున్నపాటి బుద్ధి మీకెందుకు లేదండీ?" అంటుంది ఆవిడ.

నిజమే గాని, ఎనభై దాటిన నాన్నగారు ఉగాదికి ఆ బండిలోనే గుడికి వెళదామన్నారు. అంచేత నేను స్క్రూడ్రైవరు పట్టవలసి వచ్చింది.

పాయింట్లు అరిగిపోయాయన్నాడు మేస్త్రి. కొత్తవి ఆయన కొట్లోనే కొన్నాను. "నేనొచ్చి బిగిస్తాను మాస్టారూ" అన్నాడు. తెలుగు ఎమ్మే చదివినవాడికి ఛందస్సు కంటె ఇది కష్టమా అనుకున్నాను. నేనే బిగించాను. పాయింట్ల మధ్య సందు అంగుళంలో వెయ్యోవంతులు 15 వుండాలట; అదీ కొలిచి పెట్టాను. తాళం తిప్పితే ఇంజను గిరగిరా తిరిగింది గాని అంటుకోలేదు. బ్యాటరీ మార్చాను. ప్లగ్గులు నాలుగూ మార్చాను. ఊహూఁ.

ఇహ పట్టలేక మేస్త్రి కొట్టుకి వెళ్ళాను. "నకిలీ సరుకు అంటగట్టావు!" అన్నాను. బేరానికొచ్చినవాళ్ళు నలుగురున్నారక్కడ. ఆయన నాకంటె పెద్దవాడు, ఇరవై యేళ్ళ పరిచయం. ఎప్పుడూ "మీరు" అనే నోటికి ఆ పూట "నువ్వు" వచ్చింది. ఆయన మొహం చిన్నబోయింది. "సాయంత్రం వచ్చి చూస్తాను మాస్టారూ" అన్నాడు, అంతే.

వచ్చాడు. నాలాగ ఏదీ విప్పెయ్యలేదు. ముందు సెల్ఫ్ కొట్టి, బ్యాటరీ బాగున్నదన్నాడు. కార్బురేటరుకి పెట్రోలు అందుతున్నదని చూశాడు. ఒక ప్లగ్గు వూడదీసి, వైరు తగిలించి, ఇంజను మీద ఆనించి మళ్ళీ తిప్పమన్నాడు. నిప్పురవ్వ లేదు. కాయిల్ నుంచి వచ్చే లావుపాటి వైరు దగ్గరా లేదు. కాయిల్ మీద చెయ్యి వేసి, "కాలిపోతోంది మాస్టారూ" అని డిస్ట్రిబ్యూటరు మూత తీశాడు.

అప్పుడు చెప్పాడు. పాయింట్లు విడిపోయినప్పుడల్లా కాయిల్లో కరెంటు టక్కున తెగాలి. తెగితేనే ప్లగ్గు దగ్గర నిప్పు పుడుతుంది. ఇక్కడ కరెంటు తెగడమే లేదు. పాయింటు స్ప్రింగు మేకుకి తగిలి, కరెంటంతా తిన్నగా బాడీలోకి పోతున్నది. మధ్య అడ్డంగా వుండవలసిన బిళ్ళ లేదు.

"ఇంత చిన్న ఫైబరు బిళ్ళ, నడుమ బెజ్జం వుంటుంది. ఏదీ మాస్టారూ?"

నా చొక్కా జేబులో వుంది. ఎక్కువొచ్చిందనుకొని దాచాను!

సున్నలా వుందది. విద్యార్థులు సున్న మింగేస్తే మార్కులు కోసేవాణ్ణి నేను. 'బండి'లో సున్న తీసేస్తే 'బడి' అవుతుంది. ఆ సాయంత్రం నాకు బడే అయింది.

బిళ్ళ వేసి బిగించి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. వరండాలో నాన్నగారు పేపరు పక్కన పెట్టారు. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ నన్నొక్క మాటా అనలేదు. అని వుంటే నాకు తేలికగా వుండేది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి కొట్టుకి వెళ్ళాను. ఆనాటి నలుగురూ లేరు గాని, వున్న నలుగురి ఎదుటా చెప్పాను: "సరుకు మంచిదే. తప్పు నాది. మీరు క్షమించాలి."

ఆయన స్టూలు జరిపి కూర్చోమన్నాడు. "బిళ్ళ సంగతి నేనూ ముందే చెప్పవలసింది మాస్టారూ" అని కుర్రాణ్ణి పిలిచి రెండు టీలు తెమ్మన్నాడు.

ఉగాదినాడు నాన్నగారు ముందు సీట్లో కూర్చున్నారు. అమ్మకం తీర్మానం మళ్ళీ వాయిదా పడింది. వడియాలు డాబా మీదికెక్కాయి.