రశీదు లేని అర్జీ

కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

మా పిన్ని కూతురు డిగ్రీ పాసయింది. పీజీలో సీటు కూడా వచ్చింది. కాలేజీ మాత్రం టీసీ ఇవ్వలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ గవర్నమెంటు నుంచి పడలేదట, ఆ డబ్బులు మనం కడితేగానీ కాగితాలు రావట. కాలేజీ పేరు రాయను. ఈ మాట మనలో ఎంతమంది విన్నారో మీకే తెలుసు. సీతంపేట కొండ మీద ఊరి నుంచి మూడుసార్లు దిగింది. కొండ దిగడం నడక, తర్వాత ఆటో, ఆపైన బస్సు. కౌంటర్ దగ్గర మూడుసార్లూ ఒకటే మాట: "సార్ మీటింగులో ఉన్నారు, సోమవారం రా."

ఫోన్ చేసి "అన్నా, ఏటి చెయ్యాలి, కట్టీమంటావేటి?" అంది. జీడిపిక్కలు అమ్మిన డబ్బులు ఇంట్లో ఉన్నాయి. పిన్ని అవి తీసి పట్టుకుని కూర్చుంది.

నేనప్పుడు ఎచ్చెర్లలో పీజీ చేస్తున్నాను. 2023లో యూజీసీ తెచ్చిన విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని మొత్తం చదివాను. సర్టిఫికెట్లు ఆపి పెట్టడం, స్కాలర్‌షిప్ ఆలస్యం, ఎస్సీ ఎస్టీ విద్యార్థుల మీద వివక్ష, ఇవన్నీ ఫిర్యాదు కిందకే వస్తాయని అందులో రాసి ఉంది. ప్రతి కాలేజీలో ఒక కమిటీ ఉండాలి. ఫిర్యాదు అందాక 15 పని దినాల్లో రిపోర్టు ఇవ్వాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లో యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీలు చేసుకోవచ్చు.

ఇక్కడ అసలు కిటుకు ఉంది. లెక్క మొదలయ్యేది ఫిర్యాదు అందిన రోజు నుంచి. మా చెల్లి మూడుసార్లు వెళ్లింది, మూడుసార్లూ నోటితో అడిగింది. కాగితం మీద చూస్తే ఆమె అసలు వెళ్లనే లేదు! మన ఊళ్లలో మాటంటే మాటే, పెద్దమనిషి ముందు చెప్పింది చాలు. ఆఫీసులో అలా కాదు.

ఒక పేజీ అర్జీ రాసి, రెండు కాపీలు తీయించి, ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, మన కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోమన్నాను. స్టాంపు ఎందుకని అక్కడ కసిరారట. కదలకుండా నిలబడింది. తొమ్మిదో రోజు కాలేజీ నుంచే ఫోన్ వచ్చింది, టీసీ పట్టుకెళ్లమని. కమిటీ కూర్చుందో లేదో మాకు ఇప్పటికీ తెలీదు. జీడి డబ్బులు మాత్రం పీజీ హాస్టల్ డిపాజిట్‌కి పనికొచ్చాయి.

అలాగని ఈ కమిటీలు బంగారమని నేను చెప్పను. ఛైర్మన్‌తో కలిపి అయిదుగురూ ప్రొఫెసర్లో సీనియర్ లెక్చరర్లో. వాళ్లలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ మూడింటికీ కలిపి ఒక్కరుంటే చాలు. అంటే ఎస్టీ ఒక్కరూ లేకపోయినా రూలు తప్పినట్టు కాదు. విద్యార్థి ఒకడుంటాడు గానీ ప్రత్యేక ఆహ్వానితుడిగా. కోరం లెక్కలో కూడా అతను లేడు. వాడినీ వాళ్లే నామినేట్ చేస్తారు. మన రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలైంది మరి.

ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ 2008లో వచ్చింది, అంతకుముందు అది ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా డిగ్రీ కాలేజీలకి అదే పెద్ద దిక్కు. 1991 నాటి యూనివర్సిటీల చట్టం ప్రకారం సిలబస్ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో తయారవుతుంది, చదువుల విధానాలు అకడమిక్ సెనేట్‌కి వెళ్తాయి. కందికొత్త పండక్కి ఊరెళ్లినవాడికీ, కొండ మీద మలేరియాతో పడుకుని డాక్టర్ సర్టిఫికెట్ తేలేనివాడికీ హాజరు తగ్గితే ఏం చెయ్యాలన్నది అలాంటి బల్లల దగ్గర తేలాల్సిన విషయం. అక్కడికి మన సంగతి ఎవరైనా కాగితం మీద పంపారా? నేను అడిగిన సీనియర్లలో ఒక్కరూ పంపలేదు.

ఈ సెమిస్టర్ హాజరు సంగతి మీద ఒక అర్జీ రాస్తున్నాను. ఎచ్చెర్ల హాస్టళ్లలో ఉన్నవాళ్లు ఆదివారం సాయంత్రం కలిస్తే సంతకాలు పెడదాం. టీసీ అర్జీ నమూనా నా దగ్గర ఉంది, అడిగితే పంపుతాను. స్టాంపు వేయించుకున్న కాపీని ఆ రోజే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, వానాకాలం మన ఇళ్లలో కాగితం నిలవదు.