తిన్నని వీధిని గూర్చి ఒక వ్యాసము



అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము చదివినవారికి దమస్కులోని తిన్నని వీధి క్రొత్త కాదు. చూపు పోయిన సౌలు ఆ వీధిలో యూదా అను వాని ఇంట ఉండగా, అననీయ వెళ్లి అతనిమీద చేతులుంచాడు. ఈ సంగతి నేను ఎన్నోమార్లు ప్రసంగించాను. అయితే 2003లో మొదలైన తెలుగు వికీపీడియా కొరకు ఆ వీధిని గూర్చి వ్యాసము వ్రాయ పూనుకొన్నప్పుడు, ప్రసంగము వేరు, విజ్ఞాన సర్వస్వము వేరు అని బోధపడింది.

ఈ పనిలో మా సంఘ యువకుడొకడు నాకు గురువయ్యాడు. “అయ్యగారూ, ముందు ఆ వీధి ఏమిటో, ఎక్కడుందో రెండు వాక్యాల్లో చెప్పండి. చరిత్ర తర్వాతండి” అన్నాడు. విభాగపు పేరుకు అటూ ఇటూ రెండేసి సమాన గుర్తులు పెట్టడము, వేరే వ్యాసమునకు లింకు కావాలంటే ఆ మాటను రెండేసి చదరపు బ్రాకెట్లలో ఉంచడము నేర్పాడు. ఇవి ఒక్క సాయంకాలములో వచ్చాయి. “ఈ మాట ఎక్కడిది? మూలమేది?” అని ప్రతి వాక్యమునకు అతడు అడిగే ప్రశ్నకే చాలా దినములు పట్టింది.

ఆ ప్రశ్న వలన నా వాక్యములు మూడు రాశులుగా విడిపోయాయి. సౌలు యూదా ఇంట ఉన్నాడన్నది గ్రంథము చెప్పిన మాట. తూర్పు గుమ్మమైన బాబ్ షర్కీ దగ్గర, నేలమట్టమునకు దిగువనున్న చిన్న ప్రార్థనాలయము అననీయ ఇల్లు అన్నది సంప్రదాయము. అది కూడా తిన్నని వీధిలో కాదు, సమీపపు సందులో ఉంది. ఆ వీధి రోమీయుల కాలములో పట్టణమునకు తూర్పు పడమరలుగా సాగిన ముఖ్య మార్గమనీ, పొడవు సుమారు ఒకటిన్నర కిలోమీటర్లనీ చెప్పేది పురావస్తు పరిశోధన. మూడింటికీ వ్యాసములో చోటుంది. కాని ఒకదాని చొక్కా మరొకదానికి తొడగకూడదు.

సంఘములో ఒక పెద్దమ్మగారు, “‘సంప్రదాయము’ అని వ్రాస్తే మన విశ్వాసము పలచబడదా, అయ్యగారూ?” అని అడిగారు. మంచి ప్రశ్నే. “లేదమ్మా. ఆ వ్యాసము మనవాళ్లే చదవరు. పరీక్షకు చదువుకొనే హిందూ విద్యార్థి చదువుతాడు, ముస్లిం ఉపాధ్యాయుడు చదువుతాడు. ‘అంటారు’ అనవలసిన చోట ‘ఉంది’ అని వ్రాస్తే, నిజముగా ఉన్నదానిని కూడా వారు నమ్మరు” అన్నాను.

అన్నిటికంటె బరువైన విభాగము 1860వ సంవత్సరముది. ఆ జూలైలో దమస్కులోని క్రైస్తవుల పేట తగలబడింది, వేలమంది హతులయ్యారు. తిన్నని వీధిలోని గ్రీకు ఆర్థొడాక్స్ వారి మరియమ్మ దేవాలయము నాశనమై, తరువాత మరల కట్టబడింది. ఇంతటితో ఆపినా అబద్ధము కాదు. కాని అదే జూలైలో, ఫ్రెంచివారితో ఏండ్ల తరబడి పోరాడి దేశాంతరమై దమస్కులో నివసిస్తున్న అల్జీరియా ముస్లిం నాయకుడు అబ్దుల్ ఖాదిర్, తన మనుష్యులను పంపి వేలాది క్రైస్తవులను కాపాడాడు. ఆయన పేరు విడిచిపెడితే చదువరి చేతికి చరిత్ర అందదు, పగ అందుతుంది. పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము కూడదన్న ఆజ్ఞ, పొరుగువాని మేలును దాచవద్దని కూడా మనకు చెప్పదా? అందుచేత రెండు సంగతులనూ ఒకే విభాగములో, ఒకదాని ప్రక్కన ఒకటి ఉంచాను.

1979లో యునెస్కో దమస్కు పాత పట్టణమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించింది. 2011లో మొదలైన యుద్ధము వలన 2013లో దానిని ప్రమాదములో ఉన్నవాటి పట్టికలో చేర్చింది. ఈ రెండు వాక్యములతో వ్యాసము ముగించాను. “అయ్యో” అన్న మాట వ్రాయలేదు. చదివినవారే అనుకుంటారు.

ప్రియులారా, మీ ఊరిలోనూ ఒక పాత వీధి ఉంటుంది. అందులో గుడి, మసీదు, మిషను బడి, సంత ఉండవచ్చును. పునాది రాతిమీది సంవత్సరము చూచి వ్రాసుకొనండి. వృద్ధులు చెప్పినది “చెప్పుదురు” అనియే వ్రాయండి. మన సంఘమునకు మేలు చేసిన అన్యమతస్థుని పేరు తెలిస్తే, దానిని ముందుగా వ్రాయండి. నమ్మకమైన సాక్షులుగా ఉండుటకు ప్రభువు మనకు సహాయము చేయును గాక.