రాలీ ఊళ్ళో నాన్న ఓవరాయిలింగ్

నాటింగ్‌హామ్ అనగానే మనవాళ్ళకు రెండే గుర్తొస్తాయి. ఒకటి రాబిన్ హుడ్, రెండోది ట్రెంట్ బ్రిడ్జి క్రికెట్ గ్రౌండు. నాకు ఇక్కడ ఉద్యోగం వచ్చిందని ఇంటికి ఫోన్ చేసినప్పుడు మా నాన్న ఆ రెండూ అనలేదు. ఒక్క క్షణం ఆగి, "నాటింగ్‌హామా? రాలీ ఊరు కదరా అది!" అన్నాడు.

తెనాలిలో కాలువకు దగ్గర్లో మా నాన్నకు సైకిల్ షాపు ఉండేది. షాపంటే పెద్ద షాపేం కాదు. రేకుల పంచ, పంచర్లు చూసే నీళ్ళ తొట్టి, గాలి పంపు, గంటల లెక్కన అద్దెకిచ్చే ఆరు సైకిళ్ళు. హీరో, అట్లాస్, హెర్క్యులిస్ ఏదొచ్చినా చేసేవాడు. పాత రాలీ బండి వచ్చిందంటే మాత్రం ముందు టీ చెప్పించేవాడు. బండి యజమానికి కాదు, తనకే. తాపీగా చెయ్యాలని. ముందు బిళ్ళ మీదున్న కొంగ తల బొమ్మ, దాని దగ్గర 'నాటింగ్‌హామ్, ఇంగ్లండ్' అన్న అక్షరాలు గుడ్డతో తుడిచి నాకు చూపించేవాడు. బెంగాల్లోని ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ కంపెనీ చేసినవీ మంచి బళ్ళే గానీ, "అసలుది అసలుదే" అనేవాడు.

నాకు అప్పట్లో అదంతా నామోషీ. చేతులకు గ్రీజు, చొక్కాకు మరకలు. ఏడో తరగతిలో స్కూలు ఫారం ఇస్తే 'తండ్రి వృత్తి' అన్నచోట 'బిజినెస్' అని రాశాను.

మోకాళ్ళ నొప్పులతో నాన్న షాపు మూసేసి ఐదేళ్ళు దాటింది. అప్పట్నుంచి మా ఫోన్లు రెండు నిమిషాలకు మించేవి కావు. "తిన్నావా?" "తిన్నాను. నువ్వు?" "ఆ... ఇదిగో మీ అమ్మతో మాట్లాడు." అంతే.

నలభై పౌండ్ల బండి

నిరుడు ఏప్రిల్లో మా పక్క వీధి పెద్దాయన గ్యారేజీ ఖాళీ చేస్తూ ఒక సైకిల్ బయట పెట్టాడు. వంపు హ్యాండిల్, 10 గేర్లు, 27 అంగుళాల చక్రాలు. దుమ్ము తుడిస్తే కొంగ తల కనిపించింది. రాలీ రికార్డ్, 1970ల నాటిది. నలభై పౌండ్లిచ్చి ఇంటికి తోసుకొచ్చాను. నేనుండేది బీస్టన్‌లో. ఆఫీసు నగరంలో రైల్వే స్టేషన్ దగ్గర. కాలువ గట్టు వెంబడే వెళితే సుమారు ఆరు కిలోమీటర్లు. రోజూ ట్రామ్‌లో నిలబడి వెళ్ళే బదులు దీని మీద పోదామనుకున్నాను.

శనివారం ఉదయం తొమ్మిదింటికి, అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర, వీడియో కాల్ చేసి బండి చూపించాను. నాన్న కళ్ళజోడు తెప్పించుకున్నాడు. "దగ్గరికి పెట్టు... కాటర్ పిన్ను చూపించు... ఊఁ, కదిలించి ఎన్నేళ్ళయిందో!" ఆ రోజు మేం మాట్లాడింది గంటా పది నిమిషాలు.

పెడల్ చువ్వను ఇరుసుకు పట్టి ఉంచే చిన్న మేకు లాంటిది కాటర్ పిన్ను. తుప్పు పడితే ఊడదు. నేను సుత్తి ఎత్తగానే అటునుంచి కేక. "ఆగరా! కింద ఆనింపు లేకుండా కొడితే దెబ్బంతా లోపలి గోళీల మీద పడుతుంది. కప్పుల్లో గుంటలు పడిపోతాయి." ఆయన చెప్పినట్టే రాత్రంతా నూనె నాననిచ్చి, నట్టు మర అంచుదాకా వదులు చేసి, పెడల్ చువ్వ కింద ఒక ఇనప గొట్టం నేలకు ఆనించి, ఒక్క దెబ్బ వేశాను. వచ్చేసింది. కొత్తవి వేసేటప్పుడు రెండూ ఎదురు దిక్కుల్లో వెయ్యాలని, లేకపోతే పెడళ్ళు ఒక వరుసలో ఉండవని ముందే హెచ్చరించాడు.

నేను సొంత తెలివి కూడా కొంత చూపించాను. ఇరుసు మొత్తం తీసేసి కొత్త రకం సీల్డ్ బేరింగ్ వేద్దామని ఆన్‌లైన్లో తెప్పించాను. అది ఎక్కలేదు. మిగతావాళ్ళ ఫ్రేముల్లో అంగుళానికి 24 మరలుంటే, నాటింగ్‌హామ్ రాలీలకు 26. నాన్నకు చెబితే నవ్వాడు. "ఎవడు కొనమన్నాడు నిన్ను? కప్పులు కిరోసిన్‌తో కడుగు. గోళీలు మార్చు. పక్కకి పదకొండు." లెక్కపెట్టాను. సరిగ్గా పదకొండే.

ఫ్యాక్టరీ చూపించరా

మూడో వారం నాన్న అడిగాడు, "ఆ ఫ్యాక్టరీ ఒకసారి చూపించరా" అని.

లేదని నాకు తెలుసు. చెప్పలేక ఫోన్ పట్టుకుని బయల్దేరాను. ముందు రాలీ స్ట్రీట్. ఈ వీధిలోనే చిన్న వర్క్‌షాపులో వారానికి మూడు సైకిళ్ళు చేసేవారు. 1887లో ఫ్రాంక్ బౌడెన్ అనే ఆయన వచ్చి, చూసి, ఆ వ్యాపారంలో చేరాడు. వీధి పేరే బండి పేరయింది. అక్కణ్ణుంచి లెంటన్ వైపు వెళ్ళాను. 1950ల మొదట్లో ఏడాదికి 10 లక్షల పైచిలుకు సైకిళ్ళు బయటికొచ్చిన చోటు అది. ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన అలన్ సిల్లిటో రాసిన 'సాటర్‌డే నైట్ అండ్ సండే మార్నింగ్' నవల 1958లో వచ్చింది. అందులో హీరో కూడా సైకిల్ ఫ్యాక్టరీ కార్మికుడే.

ఇప్పుడక్కడ యూనివర్సిటీ వాళ్ళ జూబిలీ క్యాంపస్ ఉంది. చెరువులు, బాతులు, ఎర్రగా నారింజ రంగులో 60 మీటర్ల ఇనప స్తంభం. ఫ్యాక్టరీలో చివరి సైకిళ్ళు తయారైంది 2002లో. ఫోన్ చుట్టూ తిప్పి చూపించాను. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు.

"అంతా పడగొట్టేశారా?"

"ఆఫీసు బిల్డింగ్ ఒకటి ఉంది నాన్నా" అని లెంటన్ బులెవార్డ్‌కి తీసుకెళ్ళాను. 1931లో కట్టింది. గోడ మీద బొద్దు పిల్లలు సైకిళ్ళు తయారు చేస్తున్నట్టు రాతిలో చెక్కిన బొమ్మలున్నాయి. ఆయన ఆ బొమ్మలే చూపించమన్నాడు మళ్ళీ మళ్ళీ. "ఇంత కంపెనీయే పోయింది. మన రేకుల షెడ్డు ఒక లెక్కా" అన్నాడు.

మా షెడ్డున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపుంది. ఆ మాట వినగానే నాకెందుకో స్కూలు ఫారం గుర్తొచ్చి, ఇన్నేళ్ళకు చెప్పేశాను. 'బిజినెస్' అని రాసిన సంగతి.

"తెలుసు లేరా" అన్నాడు. "దాని మీద సంతకం పెట్టింది నేనే కదా."

నేనేమీ అనలేకపోయాను. ఆయనే, "చలిగా ఉన్నట్టుంది, ఇంటికి పో" అన్నాడు.

పుల్ల మీటి చూడు

బండి నడిచింది. ఆగడమే కష్టమయింది. ఒకరోజు సన్నటి జల్లులో వాలు దిగుతూ బ్రేకులు రెండూ బిగించి పట్టుకున్నా బండి జారుతూనే ఉంది. బస్సు వెనక మూరెడు దూరంలో ఆగింది. రిమ్ములు ఇనపవి, పైన క్రోమ్ పూత. తడిస్తే రబ్బరు పట్టదు. ఈ ఊళ్ళో తడవని వారం తక్కువ.

"రిమ్ములు మార్చు" అన్నాడు నాన్న. 27 అంగుళాల అల్యూమినియం రిమ్ములు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఇప్పటి 700సీ చక్రాలు వేస్తే చుట్టుకొలత తగ్గి, బ్రేకు రబ్బర్లు నాలుగు మిల్లీమీటర్లు కిందికి దించాలి. పాత కొలతే ఉంచాను. పాత హబ్బులకే కొత్త పుల్లలు అల్లడం మొదలుపెట్టాను.

మన సైకిళ్ళకు ముందు 32 పుల్లలు, వెనక 40. దీనికి రెండింటికీ 36. అల్లడానికి రెండు ఆదివారాలు పట్టింది. చక్రం తిప్పితే పాములా వంకర్లు పోతోంది. బెండు తీయడం నాన్న పద్ధతి వేరు. కళ్ళతో కంటే చెవులతో ఎక్కువ చేసేవాడు. "పుల్లల్ని ఒక్కోటీ మీటు, వింటాను" అన్నాడు. మీటాను. ఆయనకేమీ వినపడలేదు. బయటి చప్పుడు రాకుండా ఫోన్ చేసే ఏర్పాటు నా పుల్లల మోత కూడా మింగేసింది. చివరికి ఆ శబ్దాలు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపాను. పది నిమిషాలకు జవాబొచ్చింది. "వాల్వు దగ్గర్నుంచి ఏడోది వదులు. పద్నాలుగోది మరీ బిగిసింది. అర తిప్పు చాలు, తొందరపడకు."

అర తిప్పు. మళ్ళీ మీటు. మళ్ళీ అర తిప్పు. నాలుగో రికార్డింగ్‌కి, "ఇక చాల్లే, పాడు చెయ్యకు" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు నేను ఎప్పుడూ వినలేదు.

మొత్తం ఖర్చు 210 పౌండ్లయింది. మన లెక్కలో ఇరవై వేలు పైమాటే. ఆ డబ్బుకి ఇక్కడ కొత్త సైకిలే వచ్చేది. ఆ మాట ఆఫీసులో చాలామంది అన్నారు. నేను వాదించలేదు.

ఇప్పుడు రోజూ కాలువ గట్టు మీదే వెళ్తున్నాను. పొద్దున్నే పడవ ఇళ్ళ గొట్టాల్లోంచి పొగ, దారికడ్డంగా బాతులు, వంతెనల కింద వంగి బెల్లు కొట్టుకుంటూ పోవడం. నీళ్ళ వాసన తెనాలి కాలువ వాసన కాదు గానీ, గట్టు మీద సైకిల్ తొక్కడం మాత్రం అదే. వానలో బ్రేకు పడితే ఆగుతోంది.

మొన్న ఎడమ పెడల్ దగ్గర టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. రికార్డు చేసి పంపాను. వెంటనే ఫోనొచ్చింది.

"కొత్త కాటర్ పిన్ను వేశాక వంద కిలోమీటర్లకు నట్టు మళ్ళీ బిగించమన్నానా లేదా?"

"అన్నావు."

"బిగించావా?"

లేదు.

"మా మెకానిక్ కొడుకువి" అన్నాడు నాన్న. "పానా తే."